ఫలక్‌నుమా పరిసరాల కొత్త వైద్య అధ్యాపకులకు: చేయవలసినవి - చేయకూడనివి

ఎండీ, ఎంఎస్ ముగించి సీనియర్ రెసిడెంట్‌గానో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానో ఈమధ్యే చేరినవారి కోసం ఈ సూచనలు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, పేట్లబురుజులో ప్రసూతి ఆసుపత్రి, కంచన్‌బాగ్‌లో 1984లో స్థాపించిన దక్కన్ మెడికల్ కాలేజీ, శాలిబండలో ప్రిన్సెస్ ఎస్రా... ఫలక్‌నుమాలో ఇల్లు పెట్టుకుని రోజూ వెళ్లిరాగలిగేంత దూరంలో ఇన్ని బోధనాసుపత్రులున్నాయి. మొదటి అయిదేళ్లలో ఇక్కడ చేసే పొరపాట్లు ఆ తర్వాత దిద్దుకోవడం కష్టం. ఎక్కువ పొరపాట్లకు మూలం రెండే: ఒక్క పెద్దమనిషినే నమ్ముకోవడం, నోటిమాట మీద పని నడిపించడం.

రెండు జాబితాలూ చదవండి. మొదటిది చదివి రెండోది వదిలేయకండి.

చేయవలసినవి

గురువు విషయంలో

• చేరిన మూడు నెలల్లోపు మెంటర్‌ను ఎంచుకోండి. ఎవరో కేటాయిస్తారని ఎదురుచూస్తే ఏడాది గడిచిపోతుంది.

• ఒక్కరితో సరిపెట్టుకోకండి. పరిశోధనకు ఒకరిని, చికిత్స నైపుణ్యానికి ఒకరిని, ఉద్యోగ వ్యవహారాలకు మరొకరిని పెట్టుకోండి.

• వారిలో ఒకరైనా మీ డిపార్ట్‌మెంట్ బయటివారై ఉండేలా చూసుకోండి. హెచ్‌ఓడీతోనే ఇబ్బంది వస్తే అడగడానికి మనిషి కావాలి.

• ఎంచుకునే ముందు ఆ ప్రొఫెసర్ దగ్గర చదివిన పాత పీజీలతో మాట్లాడండి.

• ఆ పీజీల పేర్లు పత్రాల్లో ఎన్నో స్థానంలో వచ్చాయో పబ్‌మెడ్‌లో చూడండి. శిష్యులను పైకి తెచ్చే అలవాటు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

• ఏం కావాలో సూటిగా అడగండి: "సార్, ఈ ఏడాది ఈ పని పూర్తి చేయాలనుకుంటున్నాను. నెలకు ఒక గంట ఇవ్వగలరా?"

• కలిసే ముందురోజు మీ ప్రశ్నలు రాసి పంపండి. ఓపీ మధ్యలో నిలబడి అడిగితే సగం జవాబే దొరుకుతుంది.

• కలిసిన రోజే, అనుకున్న విషయాలు నాలుగు వాక్యాల్లో మెయిల్ చేయండి. రేపు మాట తేడా వస్తే అదే ఆధారం.

• మెంటర్‌ను మార్చుకోవలసి వస్తే చేతిలోని పని అప్పజెప్పి, కృతజ్ఞత చెప్పి మర్యాదగా బయటికి రండి.

ప్రణాళిక విషయంలో

• అయిదేళ్ల ప్రణాళిక ఒకే కాగితం మీద రాయండి. ఏడాదికోసారి మెంటర్ ముందు పెట్టి దిద్దుకోండి.

• ప్రమోషన్ లెక్క మొదటి రోజే తెలుసుకోండి. జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనలు అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి అసిస్టెంట్‌గా 4 ఏళ్ల అనుభవం, కనీసం 2 పరిశోధన పత్రాలు అడిగాయి.

• ప్రొఫెసర్ పదవికి మరో 3 ఏళ్లు, మొత్తం 4 పత్రాలు లెక్కలో పెట్టుకోండి.

• 2025లో అధ్యాపకుల అర్హతలపై కొత్త నిబంధనలు వచ్చాయి. తాజా గెజిట్ మీరే తెరిచి చదవండి.

• బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు చేరిన ఏడాదే పూర్తి చేయండి. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ దాన్ని ఆన్‌లైన్‌లో నడుపుతోంది.

• మెడికల్ ఎడ్యుకేషన్ బేసిక్ కోర్సుకు ముందుగానే పేరు ఇవ్వండి. ప్రమోషన్ ఏడాదిలో పరుగులు పెట్టవలసిన అవసరం ఉండదు.

• ఒకే అంశాన్ని పట్టుకోండి. మీ ఓపీకి రోజూ వచ్చే జబ్బునే తీసుకోండి: డయాబెటిక్ ఫుట్, క్షయ, గర్భిణుల్లో రక్తహీనత.

• ఫెలోషిప్ వివరాలు ఏడాది ముందే తెలుసుకోండి. వైద్యుల పరిశోధనకు ధనసహాయం చేసే డీబీటీ-వెల్‌కమ్ ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

• పొరుగు పరిశోధన సంస్థలతో పరిచయం పెంచుకోండి. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగితే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దగ్గరే.

• వారంలో సగం రోజు పరిశోధనకు కేటాయించి డ్యూటీ చార్టులో రాయించుకోండి. చార్టులో లేని సమయం మీది కాదు.

• ప్రసూతి సెలవును ప్రణాళికలో ముందే లెక్కవేయండి. 2017 సవరణతో చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో 26 వారాలు ఇస్తోంది.

• చోటు కలిసిరాకపోతే మారడానికి సిద్ధంగా ఉండండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డ్ స్థిరమైన పదవి ఇవ్వలేదు, 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారాకే ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు వంటి ఆయన పెద్ద పనులు నెరవేరాయి.

పరిశోధన విషయంలో

• ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చేతికి వచ్చాకే మొదటి రోగిని అధ్యయనంలో చేర్చుకోండి.

• క్లినికల్ ట్రయల్ అయితే ముందే సీటీఆర్ఐలో నమోదు చేయండి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదలైపోయిన ట్రయల్‌ను అక్కడ నమోదు చేసుకోరు.

• గణాంక నిపుణుణ్ని ప్రోటోకాల్ దశలోనే కలవండి. నమూనా సంఖ్య తప్పితే రెండేళ్ల శ్రమ వృథా.

• రోగి పేరు తీసేసి కోడ్ నంబరు వేయండి. ఆ రెంటినీ కలిపే జాబితా తాళం కింద ఉంచండి.

• డేటాను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. 2020 జులై వర్షాలకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకే నీళ్లు వచ్చాయి.

ప్రచురణ విషయంలో

• పని మొదలుపెట్టే రోజే రచయితల వరుస రాతలో తేల్చుకోండి. పత్రం సిద్ధమయ్యాక తేల్చుకోబోతే తగవే మిగులుతుంది.

• మొదటి ముగ్గురిలో ఒకరిగానో కరస్పాండింగ్ ఆథర్‌గానో ఉండేలా చూసుకోండి. 2022 నిబంధనలు ప్రమోషన్‌కు ఆ స్థానాలనే లెక్కించాయి.

• మెడ్‌లైన్, స్కోపస్, డీఓఏజే వంటి సూచికల్లో పత్రిక పేరును మీరే వెతికి చూసుకోండి.

• పత్రం పంపేముందు సారూప్యత పరీక్ష చేయించండి. యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం దాటిన పోలికను తప్పుగా చూస్తాయి.

• ఆర్కిడ్ నంబరు తీసుకుని ప్రతి పత్రానికీ జతచేయండి. ఇంటిపేరు ముందోసారి, వెనకోసారి వచ్చే మన పేర్లతో గందరగోళం ఎక్కువ.

కొలువు, కాగితాల విషయంలో

• అపాయింట్‌మెంట్ ఆర్డర్, జాయినింగ్ రిపోర్ట్, జీతం స్లిప్పులు, ఫామ్ 16 ఒకే ఫైలులో పెట్టుకోండి. అనుభవం లెక్కకు వచ్చినప్పుడు ఇవన్నీ అడుగుతారు.

• ఏ కాలేజీ వదిలినా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ తీసుకున్నాకే గేటు దాటండి.

• ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. జిరాక్స్ కాపీలే ఇచ్చి రసీదు అడగండి.

• సర్టిఫికెట్లను డిజిలాకర్‌లోనూ, ఇంట్లో ఎత్తైన చోటా ఉంచండి. 2020 అక్టోబరు వరదలో ఫలక్‌నుమా అల్ జుబైల్ కాలనీ ఇళ్లలోకి నీళ్లు చేరాయి.

• హాజరు ప్రతి నెలాఖరునా సరిచూసుకోండి. కమిషన్ అధ్యాపకులకు 75 శాతం హాజరు తప్పనిసరి చేసింది.

• బాండ్ మీద సంతకం పెట్టే ముందు గడువు, జరిమానా, నోటీసు కాలం మూడూ చదవండి.

పాతబస్తీ రోగుల విషయంలో

• సమ్మతి పత్రం తెలుగుతో పాటు ఉర్దూలోనూ సిద్ధం చేయండి. రోగికి అర్థంకాని భాషలో తీసుకున్న సంతకం సమ్మతి అనిపించుకోదు.

• చదవలేని రోగికి పత్రం చదివి వినిపించి, అధ్యయనంతో సంబంధం లేని సాక్షి సంతకం తీసుకోండి.

• రోగితో మాట్లాడగలిగేంత దక్కనీ నేర్చుకోండి. నొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో మధ్యవర్తి లేకుండా అడగగలగాలి.

• రంజాన్ నెలకు ఫాలో-అప్ తేదీలు, మందుల వేళలు ముందే సర్దండి. ఉపవాసం ఉండే మధుమేహ రోగిని అడిగి మోతాదు మార్చండి.

• మొహర్రం ఊరేగింపు, లాల్‌దర్వాజ బోనాల రోజుల్లో అధ్యయన సందర్శనలు పెట్టుకోకండి. దారులు మూసేస్తారు, రోగులు రాలేరు.

భద్రత, ఆరోగ్యం విషయంలో

• పని గంటలు రాసుకోండి. కమిషన్ నియమించిన జాతీయ టాస్క్‌ఫోర్స్ 2024లో రెసిడెంట్లకు వారానికి 74 గంటలు మించవద్దని, ఒక రోజు సెలవు ఉండాలని సిఫారసు చేసింది.

• నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా 14416కు ఫోన్ చేయండి. అది టెలి-మానస్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

• లైంగిక వేధింపు జరిగితే 3 నెలల్లోపు అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2013 చట్టం పెట్టిన గడువు అది.

• దాడి జరిగితే వెంటనే సంస్థ అధిపతికి రాసివ్వండి. 6 గంటల్లోపు సంస్థ తరఫున కేసు పెట్టించాలని కేంద్రం 2024 ఆగస్టులో ఆదేశించింది.

• అత్యవసరంలో 112కు ఫోన్ చేయండి. రాత్రి డ్యూటీ ముగిస్తే బయల్దేరే వేళ, బండి నంబరు ఇంటికి పంపండి.

చేయకూడనివి

గురువు విషయంలో

• పదవి చూసి మెంటర్‌ను ఎంచుకోకండి. తీరికలేని డైరెక్టర్ కంటే తీరిక చేసుకునే అసోసియేట్ ప్రొఫెసర్ మేలు.

• గురువు మాట నిలబెట్టడం కోసం పరిశోధన చేయకండి. క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు ఊపిరినే గమనిస్తే చాలన్న జేమ్స్ సైమ్ బోధనను ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1888, 1889ల హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లతో సమర్థించారు. ఆ మందు గుండె లయనే దెబ్బతీయగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు చూపాయి.

• మెంటర్ ఇంటిపనులు, బ్యాంకు పనులు, పిల్లల ట్యూషన్లు నెత్తిన వేసుకోకండి. ఒకసారి ఒప్పుకుంటే అదే మీ ఉద్యోగం అవుతుంది.

• "చూద్దాంలే" అన్న మాటను హామీగా తీసుకోకండి.

• ఒక మెంటర్ గురించి ఇంకొకరి దగ్గర చెడు చెప్పకండి. డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ మాటా దాగదు.

• మెంటర్ తప్పు చేయమంటే చేయకండి. సంతకం మీది, శిక్షా మీదే.

• సాయంత్రం తమ క్లినిక్‌లో కూర్చోమని సీనియర్ పిలిస్తే మీ సర్వీసు నిబంధనలు చూడకుండా ఒప్పుకోకండి. తెలంగాణలో 2022 నుంచి కొత్తగా నియమితులైన ప్రభుత్వ వైద్యులకు ప్రైవేట్ ప్రాక్టీసు నిషేధం.

ప్రణాళిక విషయంలో

• తోటివారి దారి చూసి మీ దారి మార్చుకోకండి. కార్పొరేట్ ఆసుపత్రి జీతంతో బోధనాసుపత్రి జీతాన్ని నెలనెలా పోల్చుకుంటే ఏ పనీ సాగదు.

• అడిగిన ప్రతి కమిటీలోనూ చేరకండి. ఏడాదికి ఒకటి రెండు చాలు.

• ప్రమోషన్ ఏడాది వచ్చేదాకా పత్రాలు వాయిదా వేయకండి. సమీక్షకే నెలలు పడతాయి.

• నిబంధనలను క్యాంటీన్‌లో విని నమ్మకండి. 2022లో ఉన్న మాట 2025లో లేకపోవచ్చు.

• సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ చదువు, పెద్ద పరిశోధన ప్రాజెక్టు ఒకే ఏడాదిలో పెట్టుకోకండి.

• బోధనను భారంగా చూసి పీజీల మీదికి నెట్టేయకండి. విద్యార్థుల అభిప్రాయం మీ వెంటే వస్తుంది.

పరిశోధన విషయంలో

• పాత తేదీ వేసి అనుమతి పత్రం తెచ్చుకోకండి. బయటపడితే పత్రమూ పోతుంది, పేరూ పోతుంది.

• ఒక్క రోగి వివరాన్ని కూడా కల్పించకండి. సంఖ్య తక్కువైతే తక్కువేనని రాయండి.

• నచ్చని ఫలితాన్ని దాచకండి. దాచిన ఫలితం వల్ల ఇంకెవరో రోగి నష్టపోతాడు.

• ధనసహాయం, పెద్ద పేర్లు చూసి ఫలితాన్ని నమ్మకండి. 1889 క్లోరోఫామ్ కమిషన్‌కు నిజాం ధనసహాయమూ, లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ రాకా రెండూ ఉన్నాయి, అయినా నిర్ణయం నిలవలేదు.

• కేస్ షీట్లు ఇంటికి తీసుకెళ్లకండి. ఆటోలో మరిచిపోతే తిరిగి దొరకవు.

• రోగుల ఫోటోలు, స్కాన్లు సొంత ఫోన్‌లో ఉంచుకోకండి. పేరు కనబడేలా గ్రూపుల్లో అసలే పెట్టకండి.

ప్రచురణ విషయంలో

• "వారంలో ప్రచురిస్తాం, డబ్బు పంపండి" అనే మెయిల్‌కు జవాబివ్వకండి.

• ఇక్కడి సంస్థే కదా అని మోసపోకండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ ప్రచురణ సంస్థ రచయితలను తప్పుదోవ పట్టించిందన్న కేసులో, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని అమెరికా కోర్టు 2019లో తీర్పిచ్చింది.

• పని చేయనివారి పేరు పత్రంలో చేర్చకండి. హెచ్‌ఓడీ అయినందుకు ఆథర్ కారు, ఆలోచనలోనో విశ్లేషణలోనో రచనలోనో చేయి ఉండాలి.

• మీ పేరు తీసేస్తే ఊరుకోకండి. మెయిళ్లు, డ్రాఫ్టులు జతచేసి ముందు మెంటర్‌ను, తర్వాత పరిశోధన కమిటీని అడగండి.

• ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి.

• డబ్బిచ్చి థీసిస్ రాయించుకోకండి. రాసిచ్చిన దుకాణం దగ్గర మీ గుట్టు ఎప్పటికీ ఉంటుంది.

• చాట్‌జీపీటీ వంటి సాధనాన్ని ఆథర్‌గా చూపకండి, అది ఇచ్చిన రిఫరెన్సును సరిచూడకుండా వాడకండి. లేని పత్రాలను కూడా అది ఉన్నట్టు చూపిస్తుంది.

కొలువు, కాగితాల విషయంలో

• తనిఖీ రోజున మాత్రమే వచ్చి కూర్చునే ఉద్యోగం ఒప్పుకోకండి. మెడికల్ కాలేజీల తనిఖీల్లో అక్రమాలపై సీబీఐ 2025లో కేసు పెట్టింది.

• మీ డిగ్రీని, రిజిస్ట్రేషన్ నంబరును ఏ కాలేజీకీ అద్దెకివ్వకండి.

• చదవకుండా డిక్లరేషన్ ఫామ్ మీద సంతకం పెట్టకండి. అందులో అబద్ధముంటే జవాబుదారు మీరే.

• జీతం నగదుగా తీసుకోకండి. బ్యాంకు ద్వారా రాని జీతం అనుభవానికి రుజువు కాదు.

• స్కానింగ్ సెంటర్ల నుంచి, ల్యాబుల నుంచి కమీషన్ ముట్టకండి. 2002 వృత్తి నియమావళి దాన్ని నిషేధించింది.

• రాజీనామా ఇచ్చి మర్నాడే మానేయకండి. నోటీసు కాలం పూర్తిచేయండి.

పాతబస్తీ రోగుల విషయంలో

• చికిత్స కోసం వచ్చిన రోగికి "అధ్యయనంలో చేరితేనే చూస్తాం" అనకండి. చేరకపోయినా చికిత్స అదే ఉండాలి.

• మహిళా రోగిని మహిళా సిబ్బంది తోడు లేకుండా పరీక్షించకండి. తెర వేయండి, ముందు అడగండి.

• భర్త సంతకంతో భార్య సమ్మతి తీసుకోకండి. సమ్మతి ఆమెదే కావాలి.

• వెంటవచ్చిన పిల్లవాడిని దుబాసీగా వాడుకోకండి. చెప్పకూడనివి అతని చెవిన పడతాయి.

• బస్తీ పేరుతో, మతం పేరుతో జబ్బును ముడిపెట్టి రాయకండి. నీరు, ఇరుకు, ఆదాయం, టీకా వంటి కారణాలు కొలిచి రాయండి.

• ఇంటికి వెళ్లి డేటా సేకరించేటప్పుడు ఆశా కార్యకర్త తోడు లేకుండా వెళ్లకండి.

భద్రత, ఆరోగ్యం విషయంలో

• వరుసగా రెండు రాత్రి డ్యూటీలు చేసి బండి నడపకండి. ఆటోనో బస్సో ఎక్కండి.

• కోపంతో ఉన్న బంధువుల మధ్యకు ఒంటరిగా వెళ్లకండి. చెడువార్త చెప్పేటప్పుడు సీనియర్‌ను, సెక్యూరిటీని పక్కన పెట్టుకోండి.

• అవమానాన్ని శిక్షణగా భావించకండి. తిట్టు వేరు, తప్పు దిద్దడం వేరు.

• మీకు జరిగినదాన్ని మీ జూనియర్లకు చేయకండి. ర్యాగింగ్ నేరం, 1800-180-5522కు వాళ్లు ఫోన్ చేయగలరు.

• నిద్రకు, అలసటకు సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి. మీ వైద్యానికి వేరే వైద్యుణ్ని కలవండి.

• సాయం అడగడానికి నామోషీ పడకండి.

ఈ వారంలోనే మూడు పనులు పూర్తిచేయండి: మెంటర్లుగా అనుకున్నవారి పేర్లు రాయండి, వారిలో ఒకరికి మెయిల్ పంపండి, మీ ఒరిజినల్స్ ఎక్కడున్నాయో చూసుకోండి. కాలేజీ దగ్గర ఉన్నట్టయితే రేపే రాతపూర్వకంగా అడిగి వెనక్కి తెచ్చుకోండి.